ఎక్స్‌పోర్ట్‌ని ‘ఎగుమతి’ అనాలా?

ప్రశ్న: ఫోటోషాప్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఒక పాఠం రాస్తున్నాను. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, ఉన్న డిజైన్ ఫైల్లోంచి బొమ్మల్ని తొందరగా బయటికి తియ్యడం ఎలా అన్నది విషయం. ‘పొరలను ఎగుమతి చేయండి’ అని రాస్తే ఓడలోకి సరుకు ఎక్కిస్తున్నట్టుంది. ‘లేయర్లను ఎక్స్‌పోర్ట్ చేయండి’ అంటే అందులో తెలుగు ‘చేయండి’ వరకే. మీరైతే ఏం రాస్తారు?

జవాబు: ‘ఎగుమతి’కి ఏం తక్కువైందండీ? ఎగు, దిగు అన్న మాటల మీద ఏర్పడ్డ జంట అది. ఒక ప్రోగ్రాంలోంచి వెళ్లేదానికీ అందులోకి వచ్చేదానికీ ఒకే తూకంలో రెండు మాటలు రెడీగా ఉన్నాయి. ఎక్స్‌పోర్ట్ కూడా మొదట సరుకుల మాటే కదా, వాడగా వాడగా ఇంగ్లీషువాళ్లకి అలవాటైంది. ‘పొర’ అయితే ఇంకా హాయి.

ఇంకో జవాబు: నాకు రోజూ ఇదే పని. మేమెవరం ‘ఎగుమతి’ అనం, ‘లోగో పీఎన్‌జీ తీసి పంపు’ అంటాం (పీఎన్‌జీ అంటే ఒక రకం బొమ్మ ఫైలు). మెనూలో ఉన్న మాటని మాత్రం ఉన్నదున్నట్టే కొటేషన్లలో పెట్టండి. లేకపోతే చదివేవాళ్లు ‘ఎగుమతి’ కోసం స్క్రీనంతా వెతుక్కుంటారు.

అసలు చిక్కు వేరే ఉంది. టైం ఆదా చేసే పద్ధతిలో మనం తీసేది ఏమీ ఉండదు. 2013లో ఫోటోషాప్ సీసీకి ‘జెనరేట్’ అనే సదుపాయం వచ్చింది. లేయర్ పేరు చివర చుక్క పెట్టి ఇంగ్లీషులో png అని చేర్చి, ఫైల్ మెనూలో ‘జెనరేట్’ కింద ‘ఇమేజ్ అసెట్స్’కి టిక్ పెడితే చాలు. పీఎస్‌డీ (ఫోటోషాప్ డిజైన్ ఫైలు) పక్కనే ఒక ఫోల్డర్ పుట్టి అందులో బొమ్మ పడుతుంది. తర్వాత లేయర్లో రంగు మారిస్తే ఆ బొమ్మా దానంతటదే మారుతుంది. క్లయింటు సాయంత్రం ఫోన్ చేసి ‘కాస్త ముదురు నీలం’ అన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. పేరు ముందు 200% అని రాస్తే రెట్టింపు సైజు. కామా పెట్టి ఇంకో పేరు చేరిస్తే అదే లేయర్ నుంచి రెండు ఫైళ్లు. కొన్ని లేయర్లని కలిపి పెట్టిన గ్రూపు పేరుకి పీఎన్‌జీ తగిలిస్తే లోపలి లేయర్లన్నీ కలిసి ఒకే బొమ్మ. ‘జెనరేట్’ పని చెయ్యకపోతే ప్రిఫరెన్సెస్‌లో ప్లగిన్స్ కింద జెనరేటర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

కాబట్టి చేత్తో చేసే పనికి ‘తియ్యడం’, ఇలా జరిగేదానికి ‘తయారవడం’ అనండి. రెండిటికీ ఎగుమతే అంటే పాఠంలోని అసలు సంగతి పోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇది బాగుంది. మరి లేయర్ పేరు తెలుగులో పెట్టొచ్చా? ఫైలు పేరు కూడా అదే అవుతుంది కదా.

రెండో జవాబు రాసినవారు: ప్యానెల్లో చక్కగా కనిపిస్తుంది. కానీ బొమ్మ వెబ్‌సైటుకి వెళ్లేదైతే వద్దంటాను. కంప్యూటర్లో అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో సంకేతానికి 3 బైట్లు, లింకు కాపీ చేస్తే ఒక్కో బైటు పర్సెంట్ గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. ‘లోగో’లో ల, గ, రెండు ఓత్వాలు, మొత్తం నాలుగు సంకేతాలు. అంటే లింకులో 36 అక్షరాల తోక! మీ దగ్గరే ఉండే ఫైలైతే నిశ్చింతగా తెలుగులో పెట్టుకోండి.

మొదటి జవాబు రాసినవారు: ‘తయారవడం’ ఒప్పుకుంటాను. ‘పొర’ని మాత్రం వదలను. అయినా ఇన్ని జవాబుల్లో ఒక్కరైనా ‘గ్రూపు’కి తెలుగు అడగలేదేం?

ప్రశ్న అడిగినవారు: ‘పొరల కట్ట’ అంటే బయట ఎవరైనా నవ్వుతారేమోనని, సార్. గ్రూపు అనే రాస్తున్నాను.