తెగిన మోకాలి లిగమెంట్‌కి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: డబ్బు కట్టి చేయించవచ్చా?

గాజువాక అన్న:
మా తమ్ముడికి 22 ఏళ్లు, కబడ్డీ ఆడతాడు. నెల కిందట కూతకెళ్లి వెనక్కి తిరుగుతుంటే కుడి మోకాలు మెలితిరిగింది. టప్‌మని శబ్దం వాడికే వినిపించిందట. గంటలో మోకాలు కొబ్బరిబోండంలా వాచిపోయింది. ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కట్టి పట్టుకునే లిగమెంట్) పూర్తిగా తెగిందని వచ్చింది. ఒక డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు. ఇంకో క్లినిక్‌లో ఆపరేషన్ అక్కర్లేదన్నారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) మోకాల్లోకి ఎక్కిస్తే లిగమెంట్ మళ్లీ పెరుగుతుందట. లక్షా అరవై వేలు. ఈ వారంలో కడితే ఇరవై వేలు తగ్గిస్తామన్నారు. కత్తి మాట వింటేనే మా అమ్మకి భయం, అందుకే ఇంజెక్షన్ వైపే మొగ్గుతోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బీచ్ రోడ్ వాకర్:
చేయించండి. నేను చేయించుకున్నాను. నాకు 47. రెండేళ్ల కిందట సింహాచలం మెట్ల మీద జారితే ఏసీఎల్ కొంతమేర చిరిగింది. ఇదే మూలుగ ఇంజెక్షన్ తీసుకున్నాను. ఆరు వారాలు బ్రేస్, తర్వాత నాలుగు నెలలు ఎక్సర్‌సైజులు. రెండో ఎమ్మారైలో లిగమెంట్ అతుక్కుని కనిపించింది. నిరుడు గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచాను. కొత్త వైద్యం ఏది వచ్చినా మోసమనేస్తే మనం ఎప్పటికి బాగుపడతాం?

ఫిజియో, మహారాణిపేట:
వాకర్ గారూ, మీరు ప్రదక్షిణ పూర్తిచేసినందుకు మనస్ఫూర్తిగా సంతోషం. కానీ మీది కొంత చిరగడం, ఆ అబ్బాయిది పూర్తిగా తెగడం. ఈ రెండూ ఒకటి కాదు. పదకొండేళ్లుగా మోకాళ్లతోనే నా పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మోకాలి పక్కన ఉండే ఎంసీఎల్ అనే లిగమెంట్ తెగితే చాలాసార్లు బ్రేస్‌తోనే అతుక్కుంటుంది. ఏసీఎల్ అలా కాదు, అది కీలు లోపల జిగురు ద్రవంలో తడుస్తూ ఉంటుంది. శరీరంలో చాలాచోట్ల తెగితే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డే రెండు కొసల మధ్య వంతెన అవుతుంది. ఇక్కడ ఆ గడ్డని ద్రవం కరిగించేస్తుంది. కొసలు దూరంగా వేలాడుతుంటాయి. సిరంజితో వదిలిన కణాలు కూడా అదే ద్రవంలోకి పోతాయి. అవి వెళ్లి ఆ ఖాళీలో తాడు పేనుతాయని ఎవరూ గట్టిగా నిరూపించలేదు.

అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతి వచ్చిన ఒక పద్ధతి ఉంది. కొల్లాజెన్‌తో చేసిన స్పాంజిలాంటి ముక్కని రోగి రక్తంతోనే తడిపి, కొసల మధ్య పెట్టి కుడతారు. గడ్డ కరిగిపోకుండా కాపాడడమే దాని కిటుకు. అందులో స్టెమ్ సెల్స్ లేవు, ఆపరేషనూ తప్పదు.

పైగా మూలుగలో స్టెమ్ సెల్స్ చాలా తక్కువ, పదివేల కణాలకి ఒకటి కూడా ఉండకపోవచ్చు. మూలుగలోని ఈ రకం కణాలకి మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని 1991లో పేరు పెట్టిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ పేరు మార్చాలని రాశారు. అవి కొత్త కణజాలంగా మారడం కంటే, చుట్టూ ఉన్న కణాలకి సంకేతాలు పంపడమే ఎక్కువని ఆయన వాదన.

బీచ్ రోడ్ వాకర్:
మరి నా రెండో ఎమ్మారై సంగతేంటి మేడం? కళ్లతో చూశాను. ఇంకో మాట, 2022లో మన దేశంలోనే మోకాళ్లకి స్టెమ్ సెల్ మందు అనుమతించారు. దాన్నీ కాదంటారా?

పీఎం పాలెం బౌలర్:
నాది పూర్తిగా తెగినదే. ఓ చోట రెండు ఇంజెక్షన్లు వేయించుకున్నాను. నొప్పి తగ్గింది, నిజమే. నయమైందనుకుని బౌలింగ్ మొదలుపెట్టాను. మూడో వారం కాలు మోపగానే మోకాలు పక్కకి జారిపోయింది. ఎనిమిది నెలల తర్వాత ఆపరేషన్‌కి వెళ్తే మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) కూడా చిరిగిందన్నారు. కొంత కత్తిరించి తీసేశారు. డబ్బు పోయినా సంపాదించుకోవచ్చు, ఆ ముక్క మళ్లీ రాదు.

ఫిజియో, మహారాణిపేట:
బౌలర్ తమ్ముడు చెప్పిందే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నొప్పి తగ్గడం వేరు, కీలు గట్టిపడడం వేరు.

వాకర్ గారూ, 2022లో అనుమతి వచ్చిన స్టెంప్యూసెల్ దాతల మూలుగ నుంచి కణాలు పెంచి తయారుచేసే మందు. అది గుజ్జు అరిగిన మోకాళ్లకి, అదీ మధ్యస్థ దశలో ఉన్నవాళ్లకి. లిగమెంట్‌కి కాదు. ఆ మందు ట్రయల్స్ (మనుషుల మీద చేసే పరీక్షలు) దాటి వచ్చింది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి లేని స్టెమ్ సెల్ వైద్యం ట్రయల్‌లో తప్ప బయట చేయకూడదు.

మీ ఎమ్మారై గురించి. 2023లో ఆస్ట్రేలియా వాళ్లు ఏసీఎల్ తెగిన 80 మందికి మోకాలిని 90 డిగ్రీల్లో వంచి, నాలుగు వారాలు బ్రేస్‌లో బిగించారు. మూడు నెలలకి తీసిన ఎమ్మారైలో 90 శాతం మందికి అతుక్కుంటున్న గుర్తులు కనిపించాయి. ఒక్క ఇంజెక్షన్ కూడా లేదు. ఆ పద్ధతికీ పరిమితులున్నాయి: దెబ్బ తగిలిన కొద్దిరోజుల్లోనే మొదలుపెట్టాలి, డాక్టరు కనిపెట్టి ఉండాలి, ఆ పరిశోధనలో పోల్చడానికి వేరే జట్టు కూడా లేదు. అయినా అడుగుతున్నాను: మీరూ బ్రేస్ కట్టారు, నాలుగు నెలలు కష్టపడ్డారు. బాగుచేసింది సిరంజి అని ఎలా తేల్చగలం?

గాజువాక బ్రదర్, కత్తా సూదా అని రెండే దారులు అనుకోకండి. 2010లో స్వీడన్‌లో 121 మంది మీద ట్రయల్ చేశారు. ముందు ఫిజియోతో మొదలుపెట్టిన 59 మందిలో రెండేళ్లలోపు 23 మందికే ఆపరేషన్ జరిగింది. మిగతావాళ్లకి మొదట్లోనే ఆపరేషన్ చేశారు. రెండు జట్ల మోకాళ్లూ రెండేళ్లకి దాదాపు ఒకేలా ఉన్నాయి. కబడ్డీలో అస్తమానం కాలు మెలితిప్పాలి కాబట్టి మీవాడికి చివరికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. అయినా ముందు తొడ బలం రావాలి. ఆపరేషన్ అయినా తొమ్మిది నెలల దాకా కోర్టులో అడుగుపెట్టనివ్వకండి.

క్లినిక్ వాళ్లని సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నిజంగా ట్రయల్ అయితే ఆ నంబరు ఉంటుంది, ఆ ఇంజెక్షన్‌కి మీ దగ్గర డబ్బు తీసుకోరు. ఈలోగా ఓ పని చేయండి. మోకాలి చిప్ప పైఅంచు నుంచి పది సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి, రెండు తొడల చుట్టుకొలతా కొలిచి ఇక్కడ రాయండి, దెబ్బ తగిలిన కాలి తొడ ఎంత సన్నబడిందో తెలుస్తుంది.

బీచ్ రోడ్ వాకర్:
బ్రేస్ సంగతి నాకెవరూ ఇలా చెప్పలేదు మేడం. నా నమ్మకం మాత్రం పోలేదు, ట్రయల్ అంటూ ఉంటే ఆ అబ్బాయిని చేరనివ్వాలనే అంటాను. డబ్బు కట్టమని మాత్రం ఇక అనను.

గాజువాక అన్న:
ఫోన్ చేశాను. నంబరు అడిగితే "అవన్నీ రీసెర్చ్ వాళ్లకి సార్, మీకెందుకు" అన్నారు. డబ్బు కట్టలేదు.

కొలిచాం. ఎడమ తొడ 49, కుడి తొడ 45. టేపు పట్టుకుంది అమ్మే. నమ్మలేక మూడుసార్లు కొలిచింది. సోమవారం తీసుకురావచ్చా మేడం?