పదాలు వెతికిపెట్టే సైట్ చూసి వర్డిల్ పూర్తిచేస్తే గెలిచినట్టేనా?

మల్లెతీగ:
నేనూ మా తమ్ముడూ రోజూ వర్డిల్ ఆడతాం. ఐదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అక్షరం సరైన గడిలో పడితే పచ్చ, పదంలో ఉన్నా గడి వేరైతే పసుపు. నిన్న వాడు మూడు ప్రయత్నాలయ్యాక ఇరుక్కుపోయాడు. రెండో అక్షరం ఆర్, చివరిది టి, ఎక్కడో ఒక వై ఉంది. ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేవని తేలిపోయింది. వెంటనే పదాలు వెతికిపెట్టే సైట్ తెరిచి ఇవన్నీ కొట్టాడు. క్రిప్ట్, ట్రిస్ట్ కనిపించాయట. ట్రిస్ట్ పెట్టాడు, గళ్ళన్నీ పచ్చబడ్డాయి. అది గెలుపు కాదని నేను, ముమ్మాటికీ గెలుపేనని వాడు. మీరేమంటారు?

అడ్డం_నిలువు:
కాదండీ. ఈ ఆటలో జవాబులు ఎలా ఎంచారో చూడండి. జాష్ వార్డల్ దీన్ని తయారుచేసేటప్పుడు ఐదక్షరాల పదాలు దాదాపు 12,000 ఉంటే, ఆయన సహచరి పాలక్ షా వాటన్నిటినీ చూసి, తెలిసిన పదాలేవో తెలియనివేవో విడదీశారు. జవాబుల కోసం మిగిలినవి సుమారు 2,500. అంటే జవాబు మనకి తెలిసిన పదమే అయ్యుండే అవకాశం ఎక్కువ. తెలిసిన పదం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుందే, దాన్ని బయటికి లాగడమే ఇక్కడ ఆట. ఆ పని సైట్ చేసిపెట్టాక ఆడడానికి ఇంకేం మిగిలింది?

చుక్కలముగ్గు:
నేను ఒప్పుకోను. ఆ సైట్ తనంతట తాను ఏమీ చెప్పదు. ఏ గడిలో ఏ అక్షరం ఉంది, ఏది ఉండకూడదు అని మనం షరతులు పెడితే, పదాల పట్టికలోంచి వాటికి సరిపోనివి తీసేస్తుంది, అంతే. యూనిక్స్ కంప్యూటర్లలో గ్రెప్ అనే ఆదేశంతో ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే ఇది. తెలియని గడికి చుక్క, తెలిసినచోట అక్షరం. ఆ షరతులు కూడగట్టింది మీ తమ్ముడేగా.

ఇంకో సంగతి. మనం ఇంగ్లిష్ పదాన్ని చెవితో గుర్తుపెట్టుకుంటాం. తెలుగు గళ్ళనుడికట్టులో ‘క్యూ’ ఒక్క గడిలో ఇమిడిపోతుంది. వరుసలో నిలబడే ఆ ‘క్యూ’నే ఇంగ్లిష్‌లో రాస్తే ఐదక్షరాలు, అందులో నాలుగు అచ్చులు! దొంగతనమనే స్టీల్‌కీ ఉక్కు అనే స్టీల్‌కీ మన చెవికి తేడా ఉండదు. అచ్చుల్లేకుండా వై ఒక్కదానితో నడిచే ఐదక్షరాల పదాలు ఇన్నున్నాయని నాకు అలాంటి జాబితాలోనే తెలిసింది: లింఫ్, నింఫ్, గ్లిఫ్, జిప్సీ, పిగ్మీ. అది చూశాకే ఇంగ్లిష్ పదాన్ని కంటితో చూడడం అలవాటైంది. దాన్ని మోసమంటే నాకు బాధగా ఉంటుంది.

ఏడుపలకలు:
నేను స్క్రాబుల్ మనిషిని. మా దగ్గర దీనికి గీత స్పష్టంగానే ఉంది. బోర్డు ముందు కూర్చున్నాక జాబితా ముట్టుకోకూడదు. ఇంటి దగ్గర ఎంత బట్టీ పట్టినా తప్పులేదు. క్యూ అక్షరం విలువ పది పాయింట్లు, వెంట యు లేకపోతే చేతిలోనే ఉండిపోతుంది. క్యూ పక్కన ఐ పెట్టి ‘చీ’ అని పలికే పదం చేయొచ్చని జాబితా చదివినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంటి దగ్గర నేను చేసే సాధన ఒకటి చెప్తాను. ఎ, ఇ, ఎల్, ఎస్, టి అని అక్షరాల్ని వరుసక్రమంలో పేర్చి కాగితం మీద రాసుకుంటాను. దాన్నుంచి లీస్ట్, స్లేట్, స్టేల్, దొంగతనపు స్టీల్, టేల్స్, టీల్స్... కనీసం ఈ ఆరూ రాబట్టాకే జాబితాతో సరిచూసుకుంటాను. ఆరోది నాకు చాలాకాలం చిక్కలేదు. అదో రకం బాతు.

నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడడం రాకుండానే, పదాల పట్టిక కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. జాబితా చదవడం తప్పయితే ఆ గెలుపు కూడా తప్పవ్వాలి కదా.

అడ్డం_నిలువు:
రిచర్డ్స్ గారు నా పక్షాన నిలబడతారండీ! ఆ పదాలన్నీ ఆట సమయానికి ఆయన తలలోనే ఉన్నాయి. తమ్ముడి పదం సైట్‌లో ఉంది. నేను మాట్లాడేది ఆ తేడా గురించే.

చుక్కలముగ్గు:
సరే, జాబితా చేతికొచ్చినా ఆలోచన అయిపోని సందర్భం ఒకటి చూడండి. చివరి నాలుగక్షరాలు ‘ఐట్’ అని పలికే ఐ, జి, హెచ్, టి అని తేలింది, మూడు ప్రయత్నాలున్నాయి. సైట్‌ని అడిగితే లైట్, నైట్, మైట్, రైట్, సైట్, ఫైట్, టైట్, ఎయిట్ ఇస్తుంది. బాగా వాడుకలో ఉన్నవే ఎనిమిది. ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతే ఐదు మిగిలిపోతాయి.

ఇక్కడ ‘ఫిల్మ్స్’ పెట్టాలి. అది జవాబు కాదని తెలిసే పెట్టాలి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒక్క దెబ్బకి తేలిపోతాయి. ఏదో ఒకటి వెలిగితే జవాబు దొరికినట్టే. ఏదీ వెలగకపోతే ‘ఎంటర్’. మొదటి ఇ పచ్చబడితే ఎయిట్, ఎన్ పసుపైతే నైట్, ఆర్ పసుపైతే రైట్, ఈ మూడూ కాకపోతే టైట్. ఆఖరి ప్రయత్నానికి జవాబు ఖాయం. ఏ సైట్ జాబితా అయినా ఈ దారి చూపిస్తుందా?

ఏడుపలకలు:
అద్భుతం. హార్డ్ మోడ్‌లో మాత్రం కుదరదు, అక్కడ తేలిన అక్షరాల్ని తర్వాతి పదంలో తప్పనిసరిగా వాడాలి. కానీ చుక్కలముగ్గు గారూ, ఆ ఎనిమిది పదాలూ కాస్త కూర్చుంటే మనకే తడతాయి కదా? మొదటి గడిలో ఎ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరం పెట్టి చూస్తే చాలు. సైట్ అవసరం అక్కడా లేదు.

చుక్కలముగ్గు:
తెలిసిన పదాలైతే తడతాయి. ట్రిస్ట్ ఎప్పుడూ వినని మనిషికి ఎంత కూర్చున్నా తట్టదు. మల్లెతీగ గారూ, మీ తమ్ముడికి ఆ పదం ముందే తెలుసా?

మల్లెతీగ:
అడిగాను. తెలీదట. క్రిప్ట్ తెలుసు గానీ సి అప్పటికే లేదని తేలిందట. అందుకే రెండోది పెట్టి, పచ్చబడ్డాక అర్థం చూశాడు. ప్రేమికులు రహస్యంగా కలుసుకోవడానికి చేసుకునే ఏర్పాటు. సి లేదని గుర్తుంచుకున్నది వాడే కాబట్టి, అంతమేరకు నేను వెనక్కి తగ్గుతాను.

ఇదంతా వాడికి చదివి వినిపించాను. సైట్ చూసిన రోజు నాకు స్కోరు పంపనన్నాడు. వరుసగా గెలిచిన రోజుల లెక్కలోంచి మాత్రం నిన్నటిది తీసెయ్యడట. అది నేను ఒప్పుకోలేదు. ఫిల్మ్స్, ఎంటర్ సంగతి వినగానే కాగితం తెచ్చుకుని వాచ్, మ్యాచ్, క్యాచ్, బ్యాచ్, హ్యాచ్, ల్యాచ్, ప్యాచ్ అని రాసి, ఏ రెండు పదాలతో వీటిని విడగొట్టొచ్చా అని కూర్చున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. ‘క్లైమ్’ దాకా వచ్చాం, బితో ముగిసే కొండెక్కే క్లైమ్. రెండోది ఇంకా దొరకలేదు.