పీహెచ్‌పీ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డ్: ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: ఉబుంటు సర్వర్, వెబ్ సర్వర్ అపాచీ. మైఎస్‌క్యూఎల్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్ వెబ్ ఫోల్డర్‌లోనే ఉంది. పేజీలు మార్చడానికి మరో ఇద్దరికి ఎస్‌ఎఫ్‌టీపీ (సర్వర్‌లోని ఫైళ్లను దూరం నుంచి మార్చే సదుపాయం) ఇచ్చాం. బ్రౌజర్‌లో ఆ ఫైల్ తెరిస్తే ఖాళీ పేజీ వస్తోంది. ఇది చాలదాండీ?

జవాబు 1: చాలదండీ. పీహెచ్‌పీ నడుస్తున్నంతసేపే ఆ ఖాళీ పేజీ. అప్‌గ్రేడ్‌లో మాడ్యూల్ ఆగిపోతే అపాచీ ఆ ఫైల్‌ను మామూలు టెక్స్ట్‌గా పంపేస్తుంది. ఇంకా తరచుగా జరిగేది వేరే: సర్వర్ మీదే ఎడిట్ చేస్తే, పేరు చివర టిల్డా (~) తోనో డాట్ బ్యాక్ (.bak) తోనో కాపీ మిగిలిపోతుంది. అది పీహెచ్‌పీగా నడవదు, పాస్‌వర్డ్‌తో సహా కనబడుతుంది. ముందు అలాంటి కాపీలు వెతికి తీసేయండి. తర్వాత కాన్ఫిగ్‌ను డాక్యుమెంట్ రూట్ (అపాచీ బయటికి చూపించే వెబ్ ఫోల్డర్) బయటికి మార్చి, కోడ్‌లో పూర్తి పాత్‌తో రిక్వైర్ చేయండి, అంటే అక్కడి నుంచి చదివించుకోండి. ఓనర్ రూట్, గ్రూప్ డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా (వెబ్ సర్వర్ యూజర్ గ్రూప్), పర్మిషన్ 640 (ఓనర్ రాయొచ్చు, గ్రూప్ చదవొచ్చు, మిగతావాళ్లకి ఏదీ లేదు), ఫోల్డర్‌కి 750. పాత పాస్‌వర్డ్ మాత్రం తప్పకుండా మార్చండి.

ప్రశ్న అడిగినవారు: అప్పుడు ఆ ఇద్దరికీ పాస్‌వర్డ్ కనబడదు కదా?

జవాబు 2: కనబడుతుందండీ, అసలు చిక్కు ఇదే. స్క్రిప్ట్ మార్చగలిగినవాళ్లు కాన్ఫిగ్‌ను చదివి చూపించే రెండు లైన్లు రాసుకోగలరు. ఆ కోడ్ నడిచేది వెబ్ సర్వర్ యూజర్‌గానే. ఎన్‌క్రిప్ట్ చేసినా తాళంచెవి పక్కనే ఉండాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టినా పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపించే పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ బయటపెట్టేస్తుంది. వాళ్లకి టెంప్లేట్లు, సీఎస్ఎస్ ఫోల్డర్ మాత్రమే ఇవ్వండి, అందులో పీహెచ్‌పీ నడవకుండా ఆపండి. డేటాబేస్ యూజర్‌కి ఆ ఒక్క డేటాబేస్ మీద సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ (చదవడం, చేర్చడం, మార్చడం) హక్కులు చాలు. ఫైల్ (సర్వర్ ఫైళ్లు చదవడం, రాయడం), గ్రాంట్ (తన హక్కులు ఇతరులకి ఇవ్వడం) హక్కులు వద్దు.