కెమికల్ సూట్ విప్పేటప్పుడు మీరేం చేస్తారు?

కొత్త_షిఫ్ట్:
యాసిడ్ ట్యాంకుల దగ్గర పనికి నాకు ఈ మధ్యే సూట్ ఇచ్చారు. వేసుకోవడం వచ్చింది, విప్పడమంటేనే టెన్షన్. నిన్న హుడ్ వెనక్కి తీస్తుంటే గ్లవ్ మెడకు తగిలింది. వెంటనే కడుక్కున్నాను, ఏమీ కాలేదు. మీరు ఏ వరుసలో విప్పుతారో చెప్పండి.

వార్డు_నర్సు:
వెంటనే కడుక్కోవడం మంచిదైంది. నేను ఇన్ఫెక్షన్ వార్డులో చేస్తాను. మాకూ ఎక్కువ ప్రమాదం విప్పేటప్పుడే. అలసిపోయి ఉంటాం, ఎప్పుడు బయటపడదామా అని ఉంటుంది. 2014లో ఎబోలా వచ్చినప్పుడు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక నియమం పెట్టింది: శిక్షణ ఉన్న మనిషి పక్కనే ఉండి ఒక్కో మెట్టూ చదివి చెప్పాలి, విప్పేవారు అది విన్నాకే చెయ్యాలి. మేమూ అలాగే చేస్తాం. సూట్‌ను లోపలి వైపు బయటికి వచ్చేలా కిందికి చుట్టుకుంటూ తీస్తాం. మాస్క్ చివర్లోనే. మధ్యమధ్యలో గ్లవ్స్ శుభ్రం చేసుకోవడం మరవకండి.

హజ్‌మట్_పాత:
కెమికల్ పనిలో ముందు కడగడం, తర్వాతే విప్పడం. సూట్ మీద నీళ్లు పోసి కడిగే మనిషికీ రక్షణ దుస్తులు ఉండాలి, చాలాచోట్ల ఇది వదిలేస్తారు.

ఇంకోటి, సూట్ చిరగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవద్దు. కొన్ని రసాయనాలు బట్టలో అణువు అణువుగా ఇంకి అవతలికి వెళ్తాయి, బయటికి ఏమీ కనిపించదు. అవతల మొదటిసారి కనిపించడానికి పట్టే సమయాన్నే బ్రేక్‌త్రూ టైమ్ అంటారు. ఒకే సూట్ ఒక యాసిడ్‌ను 480 నిమిషాలు ఆపి, ఇంకో సాల్వెంట్‌ను పది నిమిషాలు కూడా ఆపకపోవచ్చు. ఎండలో వేడెక్కితే ఆ సమయం ఇంకా తగ్గుతుంది. కెరెన్ వెటర్‌హాన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ గ్లవ్ మీద 1996లో డైమిథైల్ మెర్క్యురీ అనే విషపు పాదరస రసాయనం చుక్కలు పడ్డాయి. లేటెక్స్ గ్లవ్ చెక్కుచెదరలేదు, కానీ ఆ ద్రవం లోపలికి దిగిపోయింది. 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఏ గ్లవ్ ఏ రసాయనాన్ని ఎంతసేపు ఆపుతుందో చూపే చార్టులో నేను వాడే రసాయనం పేరు వెతక్కుండా గ్లవ్ ముట్టుకోను.

ఫిల్టర్_వాడను:
మీకు ఇచ్చిన సూట్ రక్షణలో ఏ లెవెల్‌ది? లెవెల్ ‘ఏ’ (A) అయితే గాలి సిలిండర్‌తో సహా మొత్తం మూసి ఉంటుంది, ఆవిరి కూడా లోపలికి రాదు. బీలో సిలిండర్ గాలే కానీ సూట్ తుంపరలను మాత్రం ఆపుతుంది. సీలో ఫిల్టర్ మాస్క్. గాలిలో ఏముందో, ఎంత ఉందో తెలిసి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకుండా ఉంటేనే సీ.

కొత్త_షిఫ్ట్:
మాది బీ అండి. సిలిండర్ గంట వస్తుందన్నారు, నాకు మాత్రం అరగంటకే ఊపిరాడనట్టు అనిపిస్తోంది.

హజ్‌మట్_పాత:
అది వేడి. లోపల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నేను 20 నిమిషాలకే బయటికి వస్తాను. నడిచి రావడానికీ, కడిగించుకోవడానికీ గాలి మిగలాలి కదా. తల తిరిగినట్టుంటే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

కొత్త_షిఫ్ట్:
సరే అండి. రేపు పైపు తలపైన ఉంది, చేతులు పైకెత్తి పని చెయ్యాలి. గ్లవ్ స్లీవ్ పైనా, కిందా?

హజ్‌మట్_పాత:
అయితే గ్లవ్ పైన. దాని అంచు బయటికి మడవండి, కారిన చుక్క ఆ మడతలో ఆగుతుంది. చేతులు కిందికి పెట్టి చేసే పనికైతే స్లీవ్ గ్లవ్ పైకి రావాలి. విప్పేటప్పుడు మీ జోడీని పక్కనే నిలబెట్టుకోండి.