బాపు చెయ్యి మీద ఆరు నెలల సంది మానని పుండు, నాచు వల్ల అంటున్నరు, నిజమేనా?

మాది పరకాల దిక్కు. బాపుకు 62 ఏండ్లు, షుగర్ ఉన్నది. వానాకాలం నాట్లప్పుడు మోచేతి కింద ముల్లు గీరింది, గీరిన కాడ ఎర్రగ లేచి మెల్లమెల్లగ అరచెయ్యంత పాకింది, నొప్పి లేదు, నడుమ పొక్కు కట్టి తడి ఊరుతది. ఒకరు తామర అన్నరు, ఒకరు టీబీ అన్నరు. మందుల షాపుల ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు పూస్తే వారం తగ్గి మళ్ల ఎక్కువైంది. ముక్క పరీక్షల "ఈస్ట్ (ఒక తీరు ఫంగస్) లాంటి కణాలు" అని వచ్చింది, ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ రెండు నెలలు వేసినా అట్లనే ఉన్నది. ఇప్పుడు కొత్త డాక్టర్ ప్రొటోథెకోసిస్, అంటే ప్రొటోథెకా అనే నాచు వల్ల వచ్చే రోగం, కావొచ్చు అన్నడు. ఏం టెస్ట్ అడగాలె అన్నా?

జవాబు 1:
తమ్మీ, నేను హన్మకొండల మైక్రోబయాలజీ ల్యాబుల చేస్త. ప్రొటోథెకా అంటే పచ్చదనం పోయిన నాచు, బుర్దల, మురికి నీళ్లల, చెట్ల బంకల ఉంటది, 1894లనే క్రూగర్ అనే శాస్త్రవేత్త దాని గురించి రాసిండు. మనిషికి వచ్చిందని మొదట రాసింది 1964ల, ఆఫ్రికాల ఉన్న సియెర్రా లియోన్ల వరి పండించే రైతు కాలికి. గీరిన కాడికెళ్లి లోపలికి పోతది, ఒకరి నుంచి ఒకరికి అంటదు.

స్లైడు మీద ఈస్ట్ అని పొరబడుడు మామూలే. ఈస్ట్ అయితే మొగ్గ తొడుగుతది, ఇది తొడగదు, గుండ్రటి సంచి లోపల నడుమ ఒక కణం, దాని సుట్టు పువ్వు రేకులోలె ఇంకొన్ని కనవడ్తయి. పీఏఎస్, జీఎంఎస్ రంగులు వేస్తే సాఫ్‌గ తెలుస్తది. పాత బయాప్సీ బ్లాకు (ముక్క పరీక్షకు తీసి మైనంల పెట్టిన ముక్క) ల్యాబులనే ఉంటది, దాన్నే మళ్ల చూపియ్యి. కల్చర్ (ముక్కల ఉన్న క్రిమిని ల్యాబుల పెంచి చూసుడు) కోసం కొత్త ముక్క ఫార్మలిన్ల (ముక్క చెడకుండ వేసే ద్రావణం) వెయ్యకుండ పంపాలె, సైక్లోహెక్సిమైడ్ అనే మందు కలిపిన మీడియాల (క్రిమిని పెంచే పదార్థం) ఇది పెరగదు, గందుకే అనుమానం సంగతి చీటీ మీద రాయించు. ఇది మాత్రం మర్సిపోకు.

జవాబు 2:
మా చిన్నమ్మకు ఇదే అయింది, మోచిప్ప కాడ. ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు నెలల తరబడి వాడినం, నడుమ నడుమ లివర్ టెస్టులు చేపిచ్చిన్రు. చిన్నగున్నప్పుడైతే కోసి తీసేస్తరట. ఆ స్టెరాయిడ్ ట్యూబు సంగతి ఇయ్యాల్నే డాక్టర్‌కు చెప్పు, షుగర్ గూడ కంట్రోల్ల పెట్టాలె.

అడిగినాయన:
శానా థాంక్స్ అన్నా, అక్కా. ట్యూబు బంద్ చేపిచ్చిన. బ్లాకు ల్యాబులనే ఉన్నదట, ఫోన్ చేసి అడిగిన. సోమవారం బాపును తీస్కపోత, రిపోర్ట్ రాంగనే ఇక్కడ్నే పెడ్త.