అప్‌డేట్: ఫొటోల్లో కత్తులు వంకరగా వస్తున్న సమస్య తీరింది

హ్యూస్టన్ దగ్గర టాడ్ మిషన్‌లో జరిగే టెక్సస్ రెనైసాన్స్ ఫెస్టివల్లో, పాతకాలపు వేషాలు వేసుకుని చేసే కత్తి విన్యాసాలు తీస్తుంటే, ఊపుతున్న కత్తి కొడవలిలా వంగి వస్తోందని అక్టోబరులో అడిగాను కదా. సమాధానం చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

కారణం సైలెంట్ షట్టరే, అంటే చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్. విన్యాసాలు చేసేవాళ్ల ఏకాగ్రత చెడకూడదని నేనే ఆన్ చేసి పెట్టుకున్నాను. నా కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను ఒకేసారి కాకుండా పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుతుంది, ఆ కాస్త సమయంలోనే కత్తి కొన జానెడు జరిగిపోతుంది, అందుకే షట్టర్ స్పీడ్ 1/2000 సెకను పెట్టినా బ్లర్ పోయింది గానీ వంకర పోలేదు. మెకానికల్ షట్టర్‌కి మార్చి మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. ఒకమ్మాయి రెండు చేతులతో పొడుగు కత్తి తిప్పుతుంటే తీసిన ఫొటోలో అలుగు మధ్య గాడి గీత గీసినట్టు తిన్నగా ఉంది, తోలు గ్లవ్ మడతల్లో ఎర్రదుమ్ము కూడా కనిపిస్తోంది. ఎంత సంతోషమేసిందో!

లెన్స్ పాడైందన్న అనుమానంతో సర్వీస్‌కి ఇస్తే ఏ లోపం లేదని తిరిగిచ్చారు. స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసేది) ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా తేడా రాలేదు. మెమరీ కార్డు మార్చడం కూడా అనవసరమే.

ఇనుప టోపీల కింద ముఖాలు నల్లగా రావడం వేరే సమస్య. దానికి ముఖం మీద స్పాట్ మీటరింగ్ (వెలుతురును ఆ ఒక్క చోటే కొలవడం) పెట్టమన్న సలహా బాగా పనిచేసింది, టోపీ మీద మెరుపు కొంచెం తెల్లబడుతుంది, నాకైతే ముఖమే ముఖ్యం.