ఊగు బరువా, ఊపు బరువా?

నాగేటిచాలు: మూడు రోజులుగా ఒక మాట వదలడం లేదు. దుక్కి మట్టిని గుల్లచేసే రోటవేటర్‌ని వెనక లేపి ట్రాక్టర్ రోడ్డెక్కితే, గుంతగుంతకీ దాని బరువు ఎలా మారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే పని మాది. డ్రైవర్ల కోసం తెలుగులో నాలుగు పేజీలు రాయాలి. ఇలా కదలికలో మారే బరువుని 'గతిశీల భారం' అంటే ఎవరూ చదవరు. బండి మీద బస్తాలు సర్దుతూ మా తాతయ్య "నిలువు బరువు కాదురా, ఊ... బరువు చూడు" అనేవాడు. ఊగు అన్నాడా, ఊపు అన్నాడా?

తాళపత్రం: ఊగు. ఆగు–ఆపు, రేగు–రేపు లాంటి జంటే ఇది. వేలాడే రోటవేటర్ తనంతట తాను ఊగుతుంది కదా.

నాగేటిచాలు: చిక్కంతా అక్కడేనండీ. అది ట్రాక్టర్‌నే ఊపేస్తుంది. 400 కిలోల రోటవేటర్ బరువు వెనక ఇరుసుకి మీటరున్నర అవతల పడుతోందనుకోండి, రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. కదలకుండా ఉన్నప్పుడే ముందు చక్రాల మీద 300 కిలోలు తగ్గిపోతాయి. గుంతలో ఆ బరువు ఒక్క క్షణం రెట్టింపైతే 600. స్టీరింగ్ తేలిపోతుంది. వెనక కమాన్లు ఉండవు, టైర్లే స్ప్రింగులు.

మిరపచేను: మా వైపు 'కుదుపు బరువు' అంటేనే అర్థమవుతుంది.

తాళపత్రం: కుదుపు ఒక్కసారి తగిలేది. ఇంజన్‌ది అదురు. గుంత దాటాక కూడా ట్రాక్టర్ ముక్కు లేస్తూ దిగుతూ ఉంటుందే, అది ఊగు. మూడూ ఒకటి కావు.

తేటగీతి: పోతన గారి గజేంద్రుడిని మరిచారు. "ధైర్యము విలోలంబయ్యె". 'విలోల భారం' అందాం. ఆ వెంటనే "ఠావుల్ దప్పెను" ఉంది కాబట్టి నిలువు బరువు 'ఠావు బరువు'.

తాళపత్రం: అక్కడ విలోలం ఊగడం కాదండీ, సడలడం. ఆ పద్యంలో నన్ను ఎప్పుడూ ఆపేది 'లావు'. ఆయనకది బలం. మనం ఒంటికి అంటగట్టేశాం.

తేటగీతి: సడలితే స్థిరం తప్పినట్టే కదా. ఆ 'లో' దగ్గర గొంతు సాగదీసి చదవండి, ఏనుగు తూలడం కనిపిస్తుంది.

మిరపచేను: నాగేటిచాలు గారూ, తాతగారు ఆ మాట అంటూ ఏం చేసేవారు?

నాగేటిచాలు: ఎడ్లని కట్టకముందే నొగ, అంటే బండి ముందుకి ఉండే పొడుగు కర్ర, పట్టుకుని పైకి లేపి చూసేవాడు. చేతికి తేలిగ్గా వస్తే వెనక బస్తాలు రెండు ముందుకి జరిపించేవాడు. మేం ఇప్పుడు ట్రాక్టర్ ముందు ఇనుప దిమ్మలు కట్టమనేదీ అందుకే.

మిరపచేను: అయితే 'పు'నే. ఊగేవి ఎడ్ల మెడలు, ఊపేది బరువు.

తాళపత్రం: మెడలు ఊగితే అది ఊగు బరువే అవుతుంది కదండీ!